పత్రికకు పంపే ముందు ఫైలు సంగతి

చి.సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పత్రిక కథల పోటీకని గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ చేయించి నువ్వు పంపిన కథ ఫైలు తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. పాడైన ఫైలు కాదది, అను ఫాంటులో కొట్టిన ఫైలు. శుభలేఖలకీ కరపత్రాలకీ విజయవాడ, గుంటూరు షాపుల్లో ఆ ఫాంట్లు బాగా అలవాటు, అచ్చులో ముచ్చటగానే ఉంటాయి. కాకపోతే అందులో 'క' నిజంగా 'క' కాదు. ఇంగ్లీషు అక్షరం కూర్చోవాల్సిన చోట తెలుగు బొమ్మను కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో బొమ్మ పోయి లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. పత్రికవాళ్లు 'యూనికోడ్‌లోనే పంపండి' అనేది ఇందుకే, అందులో ఏ కంప్యూటర్లోనైనా 'క' అంటే 'క'యే.

అనులో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడుకో. మార్చాక మాత్రం అక్షరం అక్షరం చదవాల్సిందే. వత్తులు పక్క అక్షరానికి తగులుకుంటాయి, మధ్యమధ్య ఇంగ్లీషు గుర్తులు మిగిలిపోతాయి. ఆరు పేజీల కథైతే ఆ దిద్దుబాటుకంటే మళ్లీ కొట్టుకోవడమే తేలిక. విండోస్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చు. దాని కీబోర్డుల్లో ఫొనెటిక్ ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు పడుతుంది. విండోస్ మీటా స్పేస్‌బారూ కలిపి నొక్కితే తెలుగూ ఇంగ్లీషూ మారుతుంటాయి. గూగుల్ డాక్స్‌లో నోటితో చెప్పి రాయించుకోవచ్చు గానీ, సంభాషణలు ఎక్కువున్న నీ కథకు అది తలనొప్పి. కొటేషన్లూ కామాలూ తర్వాత నువ్వే పెట్టుకుంటూ కూర్చోవాలి.

ఇక వర్డ్‌లో. ఒకటి గుర్తుపెట్టుకో: నువ్వు చేసే అలంకారమేదీ పత్రికలో మిగలదు. వాళ్లు నీ కథను తమ పేజీలో పోసుకుని, తమ ఫాంటు తొడుగుతారు. చివరిదాకా నిలిచేవి అక్షరాలూ, పేరాల విభజనా మాత్రమే. రంగులు, బోర్డర్లు, పేరు చుట్టూ పూలు వద్దు. ఏ4 పేజీ, నాలుగు వైపులా 2.54 సెంటీమీటర్ల మార్జిను, నిర్మలా గానీ గౌతమి గానీ 12 పాయింట్లు, వరుసల మధ్య 1.5, కింద పేజీ నంబరు. అంతే. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికలకు పనికొస్తాయి గానీ కథంతా అందులో పెడితే చదివేవాళ్ల కళ్లు పోతాయి.

వరుసల ఎడం దగ్గర ఒక గోతి ఉంది. పేజీలు తగ్గిద్దామని పేరాగ్రాఫ్ పెట్టెలో 'ఎగ్జాక్ట్‌లీ' ఎంచి 12 పెడతారు. ఇంగ్లీషుకైతే చెల్లుతుందేమో, మనకు పైన గుడులు, కింద వత్తులు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల అడుగు తెగిపోతుంది. 'మల్టిపుల్' దగ్గరే ఉంచు.

పేరా మొదట్లో జరగడానికి స్పేస్‌బార్ కొట్టకు. పేరాగ్రాఫ్ పెట్టెలోనే 'స్పెషల్' కింద 'ఫస్ట్ లైన్' పెట్టు, అన్ని పేరాలూ ఒకేలా జరుగుతాయి. కొత్త పేజీ కావాలంటే ఎంటర్లు వరసగా నొక్కకుండా కంట్రోల్ ఎంటర్ కొట్టు. కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కి చూడు: స్పేసులు చుక్కలుగా, ఎంటర్లు గుర్తులుగా కనబడి నీ పాపాలన్నీ తెరమీదికొస్తాయి. రెండేసి స్పేసుల్ని కంట్రోల్ హెచ్‌తో వెతికించి ఒక్కటి చెయ్యి, మార్చినవి సున్నా అని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడుపు. కవిత పంపేటప్పుడు పాదం చివర షిఫ్ట్ ఎంటర్, ఖండిక, అంటే కొన్ని పాదాల గుంపు, చివర మామూలు ఎంటర్. ప్రతి పాదానికీ ఎంటర్ కొడితే ఒక్కో పాదం ఒక్కో పేరా అయిపోయి ఖండికలు కలిసిపోతాయి.

అక్షరాల్లో కంటికి ఆనని తప్పులే అసలు తప్పులు. 'దుఃఖం'లో విసర్గ బదులు కోలన్, సున్న బదులు అంకె 0 పడతాయి. నీ తెరమీద తేడా తెలియదు, ఫాంటు మారగానే పళ్లికిలిస్తాయి. కంట్రోల్ ఎఫ్‌తో కోలన్‌నీ 0నీ వెతికి ఒక్కొక్కటే చూడు. మొత్తంగా మార్చేశావో, తేదీల్లో సున్నాలూ పోతాయి. ఇంకొకటి: 'సాఫ్ట్‌వేర్' అని కొడితే వ విడిగా నిలవక వత్తుగా పడి 'సాఫ్ట్వేర్' అవుతుంటుంది. పొల్లు తర్వాత 200C అని ఇంగ్లీషు కీబోర్డులో కొట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కితే, కనబడని అడ్డు ఒకటి పడి వత్తు విడిపోతుంది. కథలో ఇంగ్లీషు మాటలు ఎక్కువుంటే దీని అవసరం పదే పదే వస్తుంది.

ఎర్రగీతల్ని పట్టించుకోకు. మన మాటలకు ప్రత్యయాలు అతుక్కుంటూ పోతాయి, వర్డ్ నిఘంటువు వాటన్నిటినీ అందుకోలేదు. గీతలు ఆపేసి, కాగితం మీద ప్రింటు తీసి పెన్సిలుతో దిద్దు. జిరాక్సు షాపులో ఖర్చయితే అయింది.

మాటల లెక్క కంట్రోల్, షిఫ్ట్, జీతో వస్తుంది. రెండు వైపులా స్పేసుతో విడిగా నిలబడ్డ గీతల్నీ చుక్కల్నీ కూడా మాటలుగానే లెక్కేస్తుంది. 'వెళ్లిపోయాడని' కలిపి రాస్తే ఒకటి, 'వెళ్లి పోయాడు అని' విడదీస్తే మూడు. పరిమితి దగ్గరికొచ్చి ఇరుకున పడితే ముందు ఇవి చూసుకో. అంతేగానీ లెక్క తగ్గించడానికి మాటలన్నీ అంటించెయ్యకు, దొరికిపోతావు.

పోటీకి పంపుతున్నావు గనక, రాతప్రతి మీద పేరుండకూడదన్న నిబంధన ఉందేమో చదువు. ఉంటే మొదటి పేజీలో తీసేస్తే సరిపోదు. ఫైలు వివరాల్లో 'ఆథర్' దగ్గర నీ పేరో, కంప్యూటరు యజమాని పేరో కూర్చుని ఉంటుంది. ఫైల్, ఇన్ఫోలోకి వెళ్లి 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' నడిపి తీయించు. స్నేహితురాలు దిద్దిపెట్టిన ట్రాక్ ఛేంజెస్ ఉంటే అన్నీ ఒప్పుకునో, కాదనో తేల్చి, కామెంట్లు తుడిచెయ్యి. 'ఇక్కడ బోరు కొట్టింది' అన్న మాట న్యాయనిర్ణేత కళ్లబడితే బాగుండదు.

వేరే చెప్పకపోతే వర్డ్ ఫైలే పంపు. పీడీఎఫ్ చూడ్డానికి బావుంటుంది గానీ, అందులోంచి తెలుగు కాపీ చేస్తే వత్తులూ గుణింతాలూ చెదిరిపోతుంటాయి. రెండూ అడిగితే రెండూ పంపు. ఫైలు పేరు 'ఫైనల్ 3' కాదు, కథ పేరే, ఇంగ్లీషు అక్షరాల్లో. ముందు నీకే మెయిలు చేసుకుని ఫోనులో తెరిచి చూడు. అక్కడ బాగుంటే పత్రికాఫీసులోనూ చాలావరకు ఇబ్బంది ఉండదు.

హామీపత్రం విడి పేజీలో: కథ సొంతమని, అనువాదం గానీ అనుసరణ గానీ కాదని, ఎక్కడా అచ్చవలేదని, వేరేచోట పరిశీలనలో లేదని. ఫేస్‌బుక్‌లో పెట్టినదాన్ని కూడా చాలామంది అచ్చయినట్టే లెక్కేస్తారు, అందుకని నీ గోడమీద ఈ కథ మొదటి భాగం ఉంటే ఇవాళే తీసెయ్యి. తీసేసినా, అడిగితే దాచకు. చిరునామా, పిన్‌కోడు, ఫోను నంబరు ఆ పేజీలోనే ఇవ్వు. బ్యాంకు వివరాలు అడిగినప్పుడు ఇద్దువుగాని.

దిద్దిన ఫైలు ఆదివారంలోపు నాకోసారి పంపు, సున్నలూ విసర్గలూ చూసి పెడతాను.

మీ పెదనాన్న,
విజయవాడ