దెబ్బ తగలకముందే అమ్మ తలలో గడ్డ ఉంది

అక్కా, మీ అబ్బాయి రెండేళ్ల కింద నెల్లిమర్ల రోడ్డులో బండి మీంచి పడ్డాడు, స్పృహ తప్పలేదు, నాలుగు కుట్లు పడ్డాయి, ఇప్పుడు అప్పుడప్పుడూ తలనొప్పి అంటున్నాడని రాశారు. "ఆ దెబ్బే రేపు ట్యూమర్ అవుతుంది" అని చుట్టాలు అన్నారట, ఏటా సీటీ తీయించాలా అని అడిగారు. మీరు చెప్పినటువంటి దెబ్బకి ఆ భయం పెట్టుకోకండి. ఈ ప్రశ్నతో మా ఇల్లు నలిగిపోయింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది ఉద్దానం, కవిటి దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి తోట సగం నేలకూలింది. ఒరిగిపోయిన చెట్టుకి తమ్ముడు మట్టలు నరుకుతుంటే, కింద కాయలు ఏరుతున్న అమ్మ తల మీద ఒక పచ్చి మట్ట పడింది. రెండు నిమిషాలు మాట లేదు. సీటీ తీయించాం. లోపల రక్తస్రావం లేదని రిపోర్టు ఇచ్చారు, కుట్లు వేసి ఇంటికి పంపేశారు.

మూడేళ్లకి అమ్మకి కుడి చెయ్యి కొట్టుకుంటూ ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారైలో మెనింజియోమా అని తేలింది. మెదడు పైపొరల్లో మెల్లగా పెరిగే గడ్డ అది, చాలావరకు క్యాన్సర్ కాదు. ఊరంతా ఆ మట్ట దెబ్బే అంది. "నాను నరక్కపోతే అమ్మకిది వొచ్చీది కాదు గదా అన్నియ్యా" అంటూ తమ్ముడు కత్తి అటక మీద పడేసి తోట వైపు వెళ్లడమే మానేశాడు.

ఆపరేషన్‌కి విశాఖ వెళ్లినప్పుడు నాన్న ఎందుకైనా మంచిదని పాత ఫిల్ము కూడా పట్టుకొచ్చాడు. సర్జన్ గారు రెండు ఫిల్ములూ లైటు మీద పక్కపక్కన పెట్టి, 2018 నాటి దాని మీద పెన్ను మొన ఆనించారు. ఎడమ వైపు ముందు భాగంలో, చింతగింజలో సగం ఉంటుందేమో, తెల్లటి చుక్క. గడ్డ అప్పటికే ఉంది. పైగా దెబ్బ తగిలింది కుడి వైపు, వెనక. తమ్ముడు ఆ చుక్కని చాలాసేపు చూసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

డెన్మార్క్‌లో 1977 నుంచి 1992 దాకా తల దెబ్బలతో ఆసుపత్రిలో చేరిన 2 లక్షల 28 వేల మందిని గమనించినప్పుడు కూడా ఇలాంటిదే కనిపించింది. మొదటి ఏడాదిలో ట్యూమర్లు ఎక్కువగా బయటపడ్డాయి. దెబ్బకని స్కాన్ తీస్తే లోపల ముందే ఉన్నవి దొరికాయన్నమాట. ఏడాది దాటాక మెదడు క్యాన్సర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అలాగని దెబ్బకీ ట్యూమర్‌కీ అసలు సంబంధమే లేదని నేననను. 2024లో వచ్చిన అమెరికా మాజీ సైనికుల అధ్యయనంలో, చిన్న దెబ్బలు తగిలినవాళ్లకి మెదడు క్యాన్సర్ ముప్పు చెప్పుకోదగ్గంత పెరగలేదు గానీ, ఓ మోస్తరు లేదా తీవ్రమైన దెబ్బలు తిన్నవాళ్లకి దాదాపు రెట్టింపైంది. పుర్రెలోకి దూసుకుపోయిన గాయాలైతే మూడు రెట్లు దాటింది. కానీ చూసిన 19 లక్షల మంది మొత్తంలో మెదడు క్యాన్సర్ వచ్చింది నాలుగు వందల పైచిలుకు మందికే. అంత అరుదైనది రెట్టింపైనా అరుదే.

ఏటా సీటీ మాత్రం వద్దక్కా. మెదడు ట్యూమర్లకి గట్టిగా రుజువైన కారణాల్లో రేడియేషన్ ఒకటి, సీటీలో ఉండేది అదే. ఎమ్మారైలో అది ఉండదు. బాబుకి తలనొప్పి ఎప్పుడొస్తోంది, నిద్ర చాలకా, ఫోన్ ఎక్కువ చూసా, ఒక నోటు పుస్తకంలో నెల రోజులు రాసి న్యూరాలజిస్టుకి చూపించండి. పొద్దున లేవగానే నొప్పితో వాంతులు, ఫిట్స్, చూపు మసకబారడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మనిషి తీరు మారడం, వీటిలో ఏది కనిపించినా నెల ఆగకండి, ఆ రోజే వెళ్లండి.

బండి మీంచి పడ్డప్పుడు స్కాన్ తీసుంటే ఆ ఫిల్ము వెతికి తీసుకెళ్లండి. మా అమ్మది ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. తమ్ముడే దాచాడు.