ప్లేటు పక్కకు నెట్టేస్తే మీరేం చేస్తారు? ముందు ఇది అడగండి

మీ అమ్మాయికి 16 ఏళ్లు, అనొరెక్సియా, అంటే లావైపోతానన్న భయంతో తిండి తగ్గించేసే జబ్బు, అని డాక్టర్ తేల్చారు. అక్కడే ఉంచుకుని చూసే రెసిడెన్షియల్ ప్రోగ్రామ్ ఒకటి, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేసే డే ప్రోగ్రామ్ ఒకటి చెప్పారు, రెండింట్లో ఏది అన్నదే కదండీ మీ ప్రశ్న. పేషెంటుగా నేను రెండు రకాలూ చూశాను. అనొరెక్సియాతో మొదలై బులీమియాలోకి, అంటే ఆపుకోలేకుండా తినేసి వాంతి చేసుకోవడం లాంటివి చేసే జబ్బులోకి, దిగిన కేసు నాది, మీ అమ్మాయి కంటే కాస్త పెద్ద వయసులో. ఇప్పుడు బాగున్నాను. నా బరువు ఎంతుండేదో మాత్రం రాయను, ఈ జబ్బులో ఉన్నవాళ్లు ఆ అంకెలు చూసి పోటీ పెట్టుకుంటారు, నేనూ పెట్టుకునేదాన్ని.

ఏది మంచిదన్న దానికంటే ముందు, ఆమె ఒంటి పరిస్థితి ఇప్పుడెలా ఉందో తేలాలి. అది తేలకుండా బ్రోషర్లు ఎన్ని తిరగేసినా లాభం లేదు. పడుకున్నప్పుడోసారి, లేచి నిలబడ్డాక ఇంకోసారి నాడి, బీపీ చూడాలి. ఈసీజీ తీయాలి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, షుగర్ చూడాలి. పగటిపూట మెలకువగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 50 సార్ల కంటే తక్కువ కొట్టుకుంటున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, మంచినీళ్లు కూడా వద్దంటున్నా, చచ్చిపోవాలనుందని మాట్లాడుతున్నా ఇక రెసిడెన్షియలా డే ప్రోగ్రామా అన్న చర్చే లేదు, నేరుగా ఆసుపత్రికే. ఆటలాడే పిల్ల కదా, గుండె అలాగే నెమ్మదిగా ఉంటుందిలే అని ఎవరైనా కొట్టిపారేస్తే ఊరుకోకండి. మరీ అంత సన్నగా ఏం లేదే అన్నా ఊరుకోకండి. లావుగా ఉండి కొద్ది నెలల్లో బాగా తగ్గిపోయినవాళ్లకీ ఇదే ప్రమాదం ఉంటుంది. చికిత్స ఇవ్వాలా వద్దా అన్నది బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) ఒక్కటే చూసి తేల్చకూడదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2017 మార్గదర్శకాల్లోనే రాసింది.

ఇంకో సంగతి. చాలాకాలంగా సరిగ్గా తినని మనిషికి మళ్లీ తిండి మొదలుపెట్టినప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది, దాంతో రక్తంలో ఉన్న ఫాస్ఫేట్ కణాల్లోకి వెళ్లిపోతుంది, అది మరీ పడిపోతే గుండెకీ ఊపిరికీ కూడా ముప్పే. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. భయపడి తిండి పెట్టడం మానేయాల్సిన పనేం లేదు, అది ఇంకా ప్రమాదం. కాకపోతే మొదటి వారం పది రోజులు రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి చేస్తారు, రాత్రిపూట ఏదైనా అయితే చూసే డాక్టర్ ఎవరు అని రెండు చోట్లా అడగండి. దీనికి నీళ్లు నమిలే చోటు రెసిడెన్షియలైనా సరే, డే ప్రోగ్రామైనా సరే, వద్దు.

ఒళ్లు కుదురుగానే ఉందని డాక్టర్ అన్నాక, నేనైతే రెండు చోట్లా ఒకే ప్రశ్న అడుగుతాను. భోజనం ముందు పెట్టాక మా పిల్ల తిననని ప్లేటు పక్కకు నెట్టేస్తే మీరేం చేస్తారు?

నేను మొదట ఉన్న రెసిడెన్షియల్‌లో గదులు చాలా బాగుండేవి. తోట, యోగా, బొమ్మలు వేయించడం, దేనికీ లోటు లేదు. భోజనం మాత్రం ట్రేలో గదికి వచ్చేది, తెచ్చినవాళ్లు తలుపు మూసేసేవాళ్లు, అరగంటకు ఒకరొచ్చి ప్లేటు చూసి కాగితం మీద టిక్ పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ప్లేటు ఖాళీ అవడం వేరు, నేను తినడం వేరు. ఆ తేడా అక్కడ ఎవరికీ పట్టలేదు.

తర్వాత వెళ్లిన డే ప్రోగ్రామ్ చూడ్డానికి ఏమంత బాగుండదు, పెచ్చులూడిన గోడలు, అందరికీ కలిపి ఒకటే పొడుగాటి బల్ల. కానీ మా ఎదురుగా ఒకావిడ కూర్చుని మేం తినేదే తానూ తినేది. నేను అన్నీ చిన్నచిన్న ముక్కలు చేసి ప్లేటు అంచున వరసగా పేర్చుకుంటూ ఉంటే, గొంతు పెంచకుండా "ఇంకో ముద్ద" అనేది, అని మళ్లీ వాళ్ల పిల్లి పక్కింటి పిల్లితో పెట్టుకున్న తగాదా ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి ఎత్తుకునేది. నేను ఏడ్చినా కుర్చీలోంచి లేచేది కాదు. తిననివి మిగిలితే అంతకు సరిపడా శక్తినిచ్చే డ్రింక్ గ్లాసులో పోసి పెట్టేవాళ్లు, తిట్లూ లేవు, క్లాసు పీకడాలూ లేవు. తిన్నాక గంటసేపు అందరం ఒకే గదిలో పేకాడుకునేవాళ్లం, బాత్రూమ్‌కి ఆ తర్వాతే. ఆవిడంటే నాకు అప్పట్లో ఒళ్లుమండేది. పూర్తిగా తిన్న రోజు చప్పట్లు కొట్టేది కాదు, అదొక్కటే నచ్చేది.

అందుకే, ముందు మనసులో మూలకారణం పట్టుకుందాం, తిండి దానంతటదే దారిలోకి వస్తుంది అనే ప్రోగ్రామంటే నాకు నమ్మకం లేదు. ఆకలి ఒంటినీ మనసునీ ఏం చేస్తుందో తెలుసుకోవాలని 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లను దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి చూశారు. వాళ్లకు పొద్దస్తమానం తిండి ధ్యాసే, వంటల పుస్తకాలు కూడబెట్టారు, ఉన్న కాస్తనీ గంటల తరబడి కెలుకుతూ కూర్చున్నారు, చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. వాళ్లెవరికీ లావైపోతామన్న భయం లేదు, ఒట్టి ఆకలి చేసిన పని అది. థెరపీ కావాలి, వద్దనడం లేదు. కానీ అది తిండితో పాటే నడవాలి, తిండికి బదులు కాదు.

మీ అమ్మాయి వయసుకు ఇంకోటి ముఖ్యం. ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్ అని ఒకటుంది, 1980లలో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి పరిశోధనల నుంచి వచ్చింది. మొదట ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పూర్తిగా తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది, బరువు కోలుకునే కొద్దీ మెల్లమెల్లగా పిల్లకు అప్పగిస్తారు, చదువు, స్నేహాలు, మిగతా విషయాలు చివర్లో చూస్తారు. టీనేజ్ అనొరెక్సియాకు బాగా పనిచేస్తుందని ఎక్కువగా పరీక్షించి చూసిన పద్ధతి ఇదే. కాబట్టి పిల్లను వదిలేసి వెళ్లండి, కొన్నాళ్లు ఫోన్ కూడా చేయకండి, అసలు సమస్య మీరే అనే చోటు నుంచి వెంటనే బయటికి వచ్చేయండి. ఈ జబ్బు మీ పెంపకం వల్ల వచ్చింది కాదు.

ఇక నా లెక్క సూటిగా చెప్తాను. ఒళ్లు కుదురుగా ఉండి, రాత్రి భోజనం దగ్గరా సెలవురోజుల్లోనూ ఇంట్లో ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చోగలిగితే డే ప్రోగ్రామే, ఎందుకంటే నేర్చుకున్నది అదే సాయంత్రం ఇంటి బల్ల దగ్గర పరీక్షకు నిలుస్తుంది. ఇంట్లో ఎంత ప్రయత్నించినా బరువు పడిపోతూనే ఉన్నా, వాంతులో రహస్యంగా చేసే వ్యాయామమో ఆగకపోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా, లేక మీరిద్దరూ ఇప్పటికే నిద్రల్లేక కూలబడి ఉన్నా రెసిడెన్షియల్. దాన్ని ఓటమి అనుకోవాల్సిన పనేం లేదు. అక్కడికైతే, ఇంటికి పంపేది బరువు చూసేనా ఇంకేమైనా చూస్తారా, ఇంటికొచ్చిన మరుసటి వారం ఆమెను ఎవరు చూస్తారు అన్నది చేరే రోజే అడగండి. బయటికొచ్చిన మొదటి ఏడాదిలోనే మళ్లీ తిరగబెట్టే భయం ఎక్కువ. నన్ను ఆ అందమైన చోటు నుంచి ఒక కాగితం చేతిలో పెట్టి పంపారు, అంతే.

మందుల సంగతి పెద్దగా లేదు, అనొరెక్సియాను ఒక్కటే మాత్రతో తగ్గించే మందేదీ లేదు. బులీమియాకు ఫ్లుయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు కొంత పనిచేస్తుంది. బుప్రొపియాన్ అనే మందు మాత్రం ఈ రెండు జబ్బులున్నవాళ్లకు ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, ఎవరైనా రాస్తే అడగండి.

నాకంత జబ్బేం లేదు, చదువు పరీక్షలయ్యాక చూద్దాం అని మీ అమ్మాయి అంటుంది, దాదాపు అందరం అంటాం. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకునేదాకా ఆగకండి. సీటు కోసం ఎదురుచూడాల్సి వచ్చినా ఆ రోజులు ఖాళీగా పోనివ్వకండి. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టర్‌ని అడిగి మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి, ప్రతిసారీ పక్కన మీరో ఆయనో, వారం వారం నాడీ రక్తపరీక్షలూ, ఇవన్నీ రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఫోన్ చేసినప్పుడు అడ్మిషన్లు చూసే మనిషితో ఆపేయకండి, భోజనాల దగ్గర కూర్చునేది ఎవరో కనుక్కుని వాళ్లతో మాట్లాడించమనండి. కుదరదంటే ఎందుకు కుదరదో అడగండి.