ముందు నీళ్ళు రుచి చూడు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు పంపిన యుక్‌గెజాంగ్ ఫోటో చూశాను, అదే, ఈ కొరియా వాళ్ళ గొడ్డు మాంసం పులుసు. గిన్నె నిండా ఎర్రగా, చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ తర్వాత ఫోన్లో నువ్వన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది: "చేదుగా ఉంది పెద్దమ్మా, కారం తప్ప ఇంకేం తెలియట్లేదు." అలా ఎందుకైందో నాకు తెలుసు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. వండేటప్పుడు పక్కన పెట్టుకో.

చేదు వచ్చింది గొచుగారు, అంటే ఇక్కడి కారం, మాడినందుకు. రుచి రానిది మాంసాన్ని తొందరపెట్టినందుకు. రెండో తప్పే పెద్దది, ముందు దాని సంగతి చెబుతాను.

యుక్‌గెజాంగ్ ఎర్రగా ఉంటుంది కదా అని మనం దాన్ని కారం వంట అనుకుంటాం. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళం మరీను. దాని బలమంతా మాంసం ఉడికిన నీళ్ళలో ఉంటుంది. ఎరుపు ఆఖర్న వచ్చి చేరుతుంది. నేను ఈ డేగు ఊరికి వచ్చిన కొత్తలో పై అంతస్తులో ఒక బామ్మగారు ఉండేవారు. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కారం డబ్బా మూత తీయకముందే చిన్న కప్పులో ఆ నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి నా చేతికిచ్చేవారు. ఆ కప్పు మొత్తం తాగబుద్ధి అయితేనే మిగతా పని. లేదంటే మూత పెట్టి ఇంకో అరగంట. ఇన్నేళ్ళలో నేను ఆ కప్పు ఒక్కసారి కూడా మానలేదు. నువ్వూ మానొద్దు.

మాంసం కొట్లో "యాంగ్‌జి" అని అడుగు. రొమ్ము వైపు మాంసం అది, పోగులు పొడుగ్గా ఉంటాయి. అమ్మమ్మ పెద్దకూర తునకలు పెట్టేటప్పుడు మాంసాన్ని పోగుల వెంబడి పొడుగ్గా కోసి దండెం మీద ఆరేసేది, గుర్తుందా? ఆ పోగులే ఇక్కడా కావాలి. హన్‌ఊ అని రాసి ఉన్నది ఇక్కడి దేశవాళీ గొడ్డు మాంసం. రుచి గొప్పగానే ఉంటుంది గానీ స్టూడెంటు జేబుకి భారం. ఆస్ట్రేలియా నుంచి వచ్చేది తీసుకో, ఈ వంటకి అది చాలు. నలుగురికి 600 గ్రాములు. ముక్కలు కొట్టించకు, మొత్తం ఒకే తుండుగా తెచ్చుకో.

తెచ్చాక చన్నీళ్ళలో అరగంట నానబెట్టి నెత్తురు నీళ్ళు పారబొయ్యి. తర్వాత మూడు లీటర్ల చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టు. నువ్వు కాగే నీళ్ళలో వేశానన్నావు. చన్నీళ్ళతో మొదలెడితే సారం మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది. మరిగేటప్పుడు బూడిద రంగు నురగ పైకి తేలుతుంది. అక్కడే నిలబడి చిల్లుల గరిటెతో తీస్తూ ఉండు. నురగ ఆగాక సగం ఉల్లిపాయ, గుప్పెడంత ముల్లంగి ముక్క, ఆరు వెల్లుల్లి రెబ్బలు, డేపా అనే లావు ఉల్లికాడ తెల్ల భాగం ఒకటి వేసి సన్న మంట మీద గంటన్నర ఉంచు. నీళ్ళు తెర్లకూడదు, అంచున బుడగలు మాత్రమే రావాలి. కుక్కర్ వాడతానంటావేమో. మాంసం మెత్తబడుతుంది గానీ మధ్యలో నురగ తీసే వీలుండదు, నాకది నచ్చదు. అల్లం వెల్లుల్లి ముద్ద వద్దు, పసుపు వద్దు, గరం మసాలా అసలే వద్దు. మన చెయ్యి ఆ డబ్బాల మీదికి దానంతటదే పోతుంది, నాకు తెలుసు. ఆపుకో.

ఉడికాక మాంసం బయటికి తీసి చల్లారనివ్వు. నీళ్ళు వడకట్టు, కూరగాయలు పారెయ్యి. టైముంటే ఆ నీళ్ళు రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దునకి కొవ్వు తెల్లగా రేకులా పైన పేరుకుంటుంది. దాన్ని దాచిపెట్టు, పనుంది.

ఇప్పుడు మాంసం చించాలి. కత్తి ముట్టుకోకు. రెండు బొటనవేళ్ళతో పోగులు ఎటు పోతున్నాయో అటే విడదియ్యి. చూపుడువేలంత పొడుగు, అగ్గిపుల్లకి రెండింతల లావు. సరిగ్గా ఉడికిన యాంగ్‌జి తాడు పురి విప్పినట్టు విడిపోతుంది. బలం పెట్టాల్సి వచ్చిందంటే ఇంకా ఉడకలేదని అర్థం, మళ్ళీ గిన్నెలో వేసెయ్యి. డేగులో చాలా చోట్ల చించకుండా పెద్ద ముక్కలుగానే వేస్తారు, ముల్లంగి, డేపా మాత్రం దండిగా వేస్తారు. నూడుల్స్‌తో తినేటప్పుడు నాకు చీలికలే బాగుంటాయి. నూడుల్‌తో పాటు చాప్‌స్టిక్స్‌కి అవే చుట్టుకుని వస్తాయి.

ఇక కారం. గొచుగారు మన కారంలా మెత్తని పొడి కాదు, కచ్చాపచ్చాగా ఉంటుంది. ఎక్కువగా గింజలు తీసేసి దంచుతారు, కొంచెం తియ్యదనం కూడా ఉంటుంది. అందుకే నలుగురికి ఐదు పెద్ద చెంచాలు వేసినా తినగలం. మీ అమ్మ పంపిన గుంటూరు కారం అదే లెక్కన వేస్తే నోట్లో పెట్టుకోలేవు. ఆ సీసా పప్పుకీ వేపుడుకీ ఉంచుకో. ఘాటు చాలదనిపిస్తే చొంగ్‌యాంగ్ పచ్చిమిర్చి ఒకటి సన్నగా తరిగి ఆఖర్న వెయ్యి.

పేరుకున్న కొవ్వు రెండు చెంచాలు, నూనె రెండు చెంచాలు, నువ్వుల నూనె ఒకటి మూకుడులో వేడి చెయ్యి. పచ్చడి తాలింపులో నూనె కాగాక పొయ్యి ఆపి, వేడి కొంచెం తగ్గాకే మీ అమ్మ కారం కలుపుతుంది చూడు, ఇక్కడా అంతే. పొయ్యి ఆపు. ముప్పై లెక్కపెట్టు. అప్పుడు గొచుగారు వేసి కలుపు. చుట్టూ సన్నగా నురగలా పొంగుతుంది, నూనె నారింజ రంగు నుంచి ముదురు ఎరుపుకి తిరుగుతుంది, ఎండలో పెట్టిన మిరపకాయల వాసన వస్తుంది. అక్కడితో చాలు. గోధుమ రంగులోకి పోయి, దగ్గు వచ్చే పొగ లేచిందంటే మాడినట్టే. దాన్ని వాడకు, పారేసి మళ్ళీ చెయ్యి. నిన్న నువ్వు పారేయడానికి మనసొప్పక గిన్నెలో కలిపేశావు, చేదంతా అదే. ఐదు చెంచాల పొడి కోసం గంటన్నర ఉడికిన నీళ్ళు పాడుచేసుకుంటామా?

కూరగాయల్లో ముఖ్యం డేపా. మన ఉల్లికాడ కంటే చాలా లావు. నాలుగు తీసుకుని వేలంత పొడుగు కోసి, నిలువునా చీల్చు. ఎక్కువైందేమో అనిపించేంత వెయ్యి, ఉడికితే అణిగిపోయి పులుసుకి తీపినిస్తుంది. గొసారి అంటే ఒక రకం ఫెర్న్ లేత కాడలు. ఉడికించి ప్యాకెట్లలో అమ్ముతారు, అదే తెచ్చుకో. పచ్చిదాంట్లో విషం ఉంటుంది, ఉడికించి, నానబెట్టాకే తినాలి. తొరాందే కొందరు వేస్తారు. అవి మన చేమకాడలే, ఎండబెట్టినవి. సరిగ్గా నానబెట్టి ఉడికించకపోతే మన చేమాకు లాగే గొంతు దురద పెడుతుంది. సుక్‌జు అంటే పెసర మొలకలు, రెండు గుప్పెళ్ళు. తల పసుపుపచ్చగా, పెద్దగా ఉంటే అవి సోయా మొలకలు, చూసి తీసుకో.

సుక్‌జు పక్కన పెట్టి మిగతావన్నీ, చించిన మాంసం, కారం నూనె, రెండు చెంచాల నూరిన వెల్లుల్లి, మూడు చెంచాల గుక్‌గాన్‌జాంగ్ ఒక బేసిన్లో వేసి చేత్తో కలుపు, గ్లవ్స్ వేసుకుని. పావుగంట ఊరనిచ్చి ఆ నీళ్ళలో వెయ్యి. గుక్‌గాన్‌జాంగ్ అంటే పులుసుల సోయాసాస్, మామూలు దానికంటే ఉప్పన, రంగు తక్కువ. అరగంట మరగాక సుక్‌జు వేసి ఇంకో ఐదు నిమిషాలు. ఉప్పు, మిరియాలు సరిచూసుకో. గుడ్డు కొట్టి పోసేవాళ్ళూ ఉన్నారు. నేను పొయ్యను, నీళ్ళు మబ్బుగా అయిపోతాయి.

మామూలుగా దీన్ని అన్నంతో తింటారు. కల్‌గుక్సు వేస్తే మీ కాలేజీ పిల్లలు యుక్‌కల్ అనేది అవుతుంది. కల్ అంటే కత్తి, కత్తితో కోసిన నూడుల్స్ అన్నమాట. పచ్చివి కొనుక్కో. పైన అంటిన పిండి దులిపి, వేరే గిన్నెలో ఉడికించి, చన్నీళ్ళతో కడుగు. పులుసులోనే ఉడికిస్తే ఆ పిండి కలిసి గంజిలా చిక్కబడుతుంది, మనం పడ్డ కష్టం కనబడదు. కడిగిన నూడుల్స్ గిన్నెలో పెట్టి, మరిగే పులుసు పోసి, వంచేసి, మళ్ళీ పోస్తూ ఉండు. రెండు మూడు సార్లు. దీన్ని తొర్యొమ్ అంటారు. నూడుల్ లోపలి దాకా వేడెక్కుతుంది, పులుసు చల్లబడదు.

ఈ పులుసు ఇద్దరికని చెయ్యకు, పెద్ద గిన్నెతోనే బాగుంటుంది. నేను మొదటిసారి తిన్నది ఒక చావు దగ్గర. మీ పెదనాన్న ఆఫీసులో ఒకాయన తండ్రి పోతే వెళ్ళాం. ఫోటో ముందు రెండుసార్లు వంగి దణ్ణం పెట్టి రాగానే కూర్చోబెట్టి ఈ ఎర్ర పులుసు, అన్నం పెట్టారు. మనవైపు చావింట్లో పొయ్యే వెలిగించరు కదా, నాకు చెంచా ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడు ఆ పోయినాయన కొడుకు నల్ల సూటులో, నిద్ర లేని కళ్ళతో మా బల్ల దగ్గరికొచ్చి, నా గిన్నె చల్లారిందని తీసుకెళ్ళి వేడిది తెచ్చిపెట్టాడు. ఎరుపు చెడుని దగ్గరికి రానివ్వదని ఇక్కడి పెద్దవాళ్ళు అంటారు. ఎన్నిసార్లు వేడిచేసినా రుచి చెడదు, ఎప్పుడు ఎవరొచ్చినా పెట్టొచ్చు. అందుకే చావుల దగ్గర ఎక్కువగా ఇదే వండుతారు.

మిగిలిన పులుసు ఒక్కొక్కరికి సరిపడా విడిగా ఫ్రీజర్లో పెట్టుకో. నూడుల్స్ మాత్రం ఏ పూటకాపూటే ఉడికించు.

వచ్చే శనివారం ట్రైన్‌కి మీ ఊరు డేజాన్ వస్తున్నాను. శుక్రవారం రాత్రి మాంసం ఉడికించి, కారం కలపకుండా ఉంచు. ఒక కప్పు నీళ్ళు నాకు వేడి చేసిపెట్టు, తాగి చూస్తాను.

మీ పెద్దమ్మ