పాత సైనిక రైఫిల్ కొంటున్నారా? ఉప్పు కాగితం జోలికి మాత్రం వెళ్ళకండి

టెక్సాస్‌లో ఉంటున్నానని, ఈ మధ్యనే గ్రీన్ కార్డు వచ్చిందని, రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక రైఫిల్ ఒకటి కొని సొంత చేతులతో బాగుచేసుకోవాలని ఉందని రాసి, ఏది కొనాలి, కొత్తదానిలా మెరవాలంటే ఏ పాలిష్ వాడాలి అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగానే ఉంటుంది: కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన .303 లీ ఎన్‌ఫీల్డ్ కొనండి, బ్రిటిష్ సైన్యం వాడిన రైఫిల్ అది. రెండోదానికి జవాబు మీకు నచ్చకపోవచ్చు: దాన్ని మెరిపించకండి.

ఇషాపూర్ పేరు చెప్పడంలో స్వదేశాభిమానం లేదని అనను. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. పరేడ్‌లో "బాజు శస్త్ర్" అన్న కేక వినగానే భుజానికెత్తిన బరువు ఈ రైఫిల్‌దే. నాలుగు కిలోలు పైచిలుకు ఉండే ఆ ఇనుమూ కర్రా కలిపి ఎండలో అరగంట మోస్తే భుజం ఎముక ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగేవాళ్ళం. వాటి మీద డి.పి. అని ముద్ర ఉండేది, అంటే డ్రిల్లుకే తప్ప కాల్చడానికి పనికిరానివి. అలాంటి ముద్ర ఉన్నది మీకు ఎవరైనా చవకగా ఇస్తానన్నా దణ్ణం పెట్టి వచ్చేయండి. అభిమానం సంగతి పక్కన పెట్టినా, హుగ్లీ ఒడ్డున తయారై ఉత్తర ఆఫ్రికాలోనూ బర్మాలోనూ మన సిపాయిల చేతుల్లో పనిచేసిన ఈ రైఫిళ్ళను ఇక్కడి సేకర్తలు ఎందుకో ఇంగ్లండులో తయారైనవాటికంటే ఒక మెట్టు కింద కూర్చోబెడతారు. పనితనం మోటుగా ఉంటుందని వాళ్ళ ఫిర్యాదు. ఆ మాట అనేవారిలో సగం మంది ఒక్కదాన్నీ విప్పి చూసి ఉండరని నా గట్టి నమ్మకం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్రీన్ కార్డు ఉన్నవారు కొనవచ్చు; హెచ్1బి వంటి వలసేతర వీసా మీద ఉన్నవారికి వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం అనుమతించదు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర 4473 ఫారం నింపితే ఎఫ్.బి.ఐ. వ్యవస్థలో మీ పూర్వాపరాలు పరిశీలిస్తారు. ఈ అలవాటు మీకు అంటుకునేలా ఉంటే 50 ఏళ్ళు దాటిన తుపాకుల సేకర్తలకిచ్చే లైసెన్సు తీసుకోండి. మూడేళ్ళకు 30 డాలర్లు. ఎప్పటికైనా ఇండియాకు పట్టుకెళ్ళి హాల్లో గోడకు తగిలిద్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, అక్కడ .303 పౌరులకు నిషిద్ధ బోరు (తూటా సైజు). మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు ఇదే యంత్రాంగంతో .315 రైఫిల్‌ను విడిగా తయారుచేసి అమ్మింది అందుకే.

అమ్మేవాళ్ళు చెప్పే కథలను మాత్రం దయచేసి కొనకండి. నేను కొన్న రైఫిల్ మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. (జార్జి రాజు, చక్రవర్తి అన్న లాటిన్ పొడి అక్షరాలు), ఇషాపూర్, 1942 అన్న ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. గన్ షోలో దాన్ని అమ్మిన పెద్దమనిషి, తన మేనమామ బర్మా యుద్ధం నుంచి తిరిగివస్తూ సంచిలో వేసుకుని తెచ్చాడని కళ్ళు చెమర్చేలా చెప్పాడు. బ్యారెల్ మూతి దగ్గర దిగుమతి కంపెనీ పేరు, ఊరు సన్నని అక్షరాలతో చెక్కి ఉన్నాయి. దిగుమతిదారు ముద్ర వేయాలన్న నియమం 1968 చట్టంతో వచ్చింది. ఆ చట్టమే సైనిక మిగులు తుపాకుల రాకను ఆపేసింది, పాతవాటికి మళ్ళీ తలుపు తెరుచుకున్నది 1980లలో. మేనమామ గారి సంచి మరీ నిదానంగా ప్రయాణించిందన్నమాట. కథకు కట్టిన ధర తగ్గించమన్నాను, తగ్గించాడు.

కొనేటప్పుడు ఇంకొక్కటి గమనించండి. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ వాళ్ళు ఇదే నమూనాను మెరుగైన ఉక్కుతో, 7.62 నాటో తూటాకు సరిపోయేలా 2ఎ, 2ఎ1 అనే పేర్లతో తయారుచేశారు. వాటి మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) పలకలు తీరిన పెట్టెలా ఉంటుంది కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. అది కూడా మంచి రైఫిలే, కానీ తూటా వేరు. బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) మీది నంబరు, బాడీ మీది నంబరు ఒకటేనా కాదా అన్నది కర్ర నునుపుకంటే వందరెట్లు ముఖ్యం, ఎందుకంటే ఈ రైఫిల్‌లో బోల్టును దాని బాడీకే విడిగా అమర్చి సరిచేస్తారు.

ఇక విప్పడం. మా పక్కింటాయన జీవితమంతా మెషిన్ షాపులో పనిచేసి రిటైరైన మనిషి. నేను గరాజ్‌లో బల్ల మీద పాత దుప్పటి పరిచి రైఫిల్ పెట్టగానే ఎవరూ పిలవకుండానే వచ్చి నిలబడి, "వెనుక ఉన్న బట్ కర్రను మొదటే ముట్టుకోకు" అన్నాడు. ఇత్తడి బట్ ప్లేటు తీస్తే లోపల పొడవాటి స్క్రూడ్రైవరుకు అందే పెద్ద మర కనబడుతుంది, చూసిన ప్రతివాడికీ ముందు దాన్నే తిప్పాలనిపిస్తుంది. అయితే దాని అవతలి కొస చదరంగా ఉండి, బ్యారెల్ కింద ఉండే ముందు కర్ర వెనుక భాగంలో బిగించిన చిన్న ఇనుప రేకులో కూర్చుని ఉంటుంది; ముందు కర్ర తీయకుండా ఆ మర తిప్పితే ఆ చదరపు కొస తనతో పాటు కర్రనూ మెలిపెట్టి నిలువునా చీలుస్తుంది. అమెరికాలో తిరుగుతున్న లీ ఎన్‌ఫీల్డ్‌లలో వెనుక భాగం పగిలిన ముందు కర్రలు ఇన్ని ఉండటానికి కారణం యుద్ధాలు కావు, ఆదివారం మధ్యాహ్నాలు.

కాబట్టి బ్యారెల్ మూతి దగ్గర కర్రకు తొడిగిన నోస్ క్యాప్ నుంచి మొదలుపెట్టాం. దాని వెనుక, బ్యారెల్‌ను కింది నుంచి పైకి నెట్టే చిన్న గుబ్బ, దాని కింద కంది గింజంత మందంలో స్ప్రింగు ఉంటాయి. అవి ఎగిరిపోకుండా తువ్వాలు కప్పి తీశాం. తర్వాత పై చెక్క, ట్రిగ్గర్ గార్డు, లోపలి పట్టీని పట్టి ఉంచే స్క్రూ. చివరికి ముందు కర్ర చేతిలోకి వచ్చింది, దాన్ని తిరగేసి చూశాక నేను చాలాసేపు ఇంకేమీ ముట్టుకోలేదు. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బనంతా భరించే చోట, రెండు వైపులా పాత చెక్కను తొలిచి కొత్త ముక్కలు అతికించి ఉన్నాయి. చెక్క పోగులు మూల కర్ర పోగుల దిశలోనే నడుస్తున్నాయి, అతుకులో వెంట్రుక దూరే సందు లేదు. మ్యాగజైన్‌కు ముందు అడ్డంగా బిగించిన స్క్రూ కూడా ఉంది. కర్ర చీలకుండా మన దగ్గర చేర్చిన ఏర్పాటు అది, దానికి ఇక్కడ ఇషాపూర్ స్క్రూ అనే పేరు. ఈ పని చేసిన వడ్రంగి ఎవరో, ఇషాపూర్‌లో కూర్చుని చేశాడో ఏ రెజిమెంటు వర్క్‌షాపులో చేశాడో తెలియదు, కానీ మోటు పనితనం అన్నవాళ్ళను పట్టుకొచ్చి ఆ అతుకు చూపించాలనిపించింది.

అప్పుడే వచ్చిన మా బావమరిది, "బావా, రెండు గంటలు ఉప్పు కాగితం పట్టి టచ్‌వుడ్ పాలిష్ కొడితే డైనింగ్ టేబుల్‌లా మెరుస్తుంది" అన్నాడు. మీ ప్రశ్నలోని పాలిష్ కోరిక కూడా సరిగ్గా ఇదే. తయారైనప్పుడు కర్ర ఇనుము అంచుకంటే ఇసుమంత ఎత్తుగా ఉంటుంది. రుద్దితే ఇనుము బయటికి పొడుచుకొస్తుంది, తనిఖీ ముద్రలు చెరిగిపోతాయి, అతుకుల బిగువు పోతుంది, రైఫిల్ విలువ కూడా అంతతో పోతుంది. ఒక్కసారి పోయిన కర్రను ఏ వార్నిషూ తిరిగి తీసుకురాదు.

కాబట్టి నేను చేసింది శుభ్రపరచడం మాత్రమే. పాత గ్రీజు పీల్చుకుని నల్లబడిన కర్రలను పేపర్ టవళ్ళలో చుట్టి, నల్లటి చెత్త సంచిలో పెట్టి టెక్సాస్ ఎండలో వదిలితే, నూనె దానంతటదే చెమటలా బయటికి వస్తుంది. కాగితాలు మార్చుతూ ఉండాలి. గుంటలు పడ్డచోట తడిబట్ట వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే నొక్కుకుపోయిన పోగులు చాలామట్టుకు లేస్తాయి. ఆ తర్వాత పచ్చి అవిసె నూనె పలచగా, అరచేత్తో వేడి పుట్టేలా రుద్దడం, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి గరాజ్‌లో పడేయకండి, అవి వాటంతట అవే అంటుకుంటాయి. బయట విడివిడిగా ఆరవేయండి. ఇనుము మీద సైన్యం వేసిన నల్ల పెయింటు ఉంటే అలాగే ఉండనివ్వండి, దాన్ని గీకి కొత్త బ్లూయింగ్ (ఇనుముకు వేసే నీలి నలుపు రసాయన పూత) వేయించే పనికి డబ్బు తగలేయవద్దు.

బ్యారెల్ లోపల నల్లగా కనబడితే నిరాశపడకండి, లోపలి గోడ మీద ఎడమకు తిరిగే అయిదు గాళ్ళ అంచులు పదునుగా ఉంటే అది ఇంకా బాగానే కాలుస్తుంది. అయితే మొదటి తూటా వేయడానికి ముందు రైఫిల్‌ను తుపాకీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, బోల్టు తలకూ తూటా అంచుకూ మధ్య ఖాళీని గేజీతో కొలిపించండి, బోల్టు నంబరు కలవకపోతే మరీ తప్పనిసరి. ఆ కొలత సరిగా ఉందని తేలేదాకా తూటాలు కొనకపోవడమే మేలు. కొన్నాక కూడా కొత్తగా తయారైనవే వాడండి. పాత సైనిక తూటాల ప్రైమరు (మందును అంటించే అడుగు భాగం) బ్యారెల్‌లో ఉప్పును వదులుతుంది, ఆ ఉప్పు నూనెకు కరగదు, కాబట్టి అవి కాల్చిన రోజున ఇంటికి రాగానే గరాటు పెట్టి మరుగుతున్న నీళ్ళు పోసి, పొడిగా తుడిచి, అప్పుడు నూనె పట్టించాలి.