ఎవరి హ్యాట్రిక్?

తమ్ముడూ,

నీ ఎన్నికల వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది, వంక పెట్టడానికి లేదు. కానీ మూడోసారి గెలిచిన ప్రతివాడికీ ‘హ్యాట్రిక్’ తగిలించేశావు. ఒకరిద్దరి విషయంలో అది చెల్లదు.

ఆ మాట క్రికెట్‌ది. 1858లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో స్టీఫెన్‌సన్ అనే బౌలర్ వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీస్తే, అక్కడివాళ్లు చందాలేసుకుని టోపీ కొనిచ్చారు. ‘వరుసగా’ అన్నదే అందులో అసలు సంగతి. ఓవర్ మారినా, ఇన్నింగ్స్ మారినా ఫర్వాలేదు. 1988లో పెర్త్‌లో వెస్టిండీస్ మీద ఆస్ట్రేలియా బౌలర్ మెర్వ్ హ్యూస్ అలాగే తీశాడు: ఒక ఓవర్ చివరి బంతికి ఆంబ్రోస్, తన తర్వాతి ఓవర్ మొదటి బంతికి ప్యాటర్సన్, అక్కడితో ఇన్నింగ్స్ సరి. మళ్లీ బంతి అందుకుని రెండో ఇన్నింగ్స్ మొదటి బంతికే గ్రీనిడ్జ్. మధ్యలో ఒక్క బంతి వికెట్ లేకుండా పోయుంటే లెక్క మళ్లీ మొదటికొచ్చేది. ఫుట్‌బాల్‌లో ఇంత పట్టింపు లేదు, ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొడితే చాలు.

రాజకీయాల్లో మనం పట్టుకున్నది క్రికెట్ పద్ధతి. కాబట్టి 2004లో గెలిచి, 2009లో ఓడి, మళ్లీ 2014, 2019లో నెగ్గిన నీ ఎమ్మెల్యే మూడుసార్లు గెలిచాడంతే. హ్యాట్రిక్ కొట్టలేదు.

హ్యాట్రిక్ ఎవరిదో కూడా తేల్చి రాయాలి. 2023 తెలంగాణ ఫలితాల గురించి ‘కేసీఆర్ హ్యాట్రిక్ మిస్’ అని రాసి వదిలేశావు. ముఖ్యమంత్రిగా మిస్సయిన మాట నిజమే, కామారెడ్డిలో ఓడారు కూడా. కానీ గజ్వేల్‌లో 2014, 2018, 2023 వరుసగా ఆయనే గెలిచారు. అధికారం పోయిన రోజే అక్కడ హ్యాట్రిక్ పూర్తయింది. అంత మంచి వార్తను చేతిలో పెట్టుకుని నాలుగు ముక్కల్లో తేల్చేస్తావా?

వరుసగా మూడుసార్లు గెలిచారని మోదీని నెహ్రూ పక్కన నిలబెట్టావు, సరే. 1952, 1957, 1962ల్లో కాంగ్రెస్ ప్రతిసారీ 350 సీట్లు దాటింది. 2024లో బీజేపీకి సొంతంగా వచ్చినవి 240, కావలసినవి 272. మన టీడీపీ 16 మంది, జేడీయూ 12 మంది, ఇంకొన్ని మిత్రపక్షాలు కలిస్తేనే గట్టెక్కింది. హ్యాట్రిక్ అను, తప్పులేదు. కానీ పక్కనే ఈ అంకెలు ఉండాలి. క్రికెట్‌లో వికెట్ ఎలా పడినా వికెట్టే. ఎన్నికల్లో ఎలా గెలిచారన్న దాన్నిబట్టే మర్నాటి నుంచి ఎవరి మాట చెల్లుతుందో తేలుతుంది.

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 2014, 2019, 2024ల్లో ఒక్క సీటూ రాకపోవడాన్ని ‘సున్నాల హ్యాట్రిక్’ అన్నావు చూడు, అది నచ్చింది. దాన్ని హెడ్డింగ్‌కి దాచుకో, లోపల మళ్లీ వాడకు. ఒకసారైతేనే వెటకారం పండుతుంది.

నువ్వు రాసిన వాళ్లలో ఎవరైనా మధ్యలో ఉప ఎన్నిక గెలిచి ఉంటే దాన్ని లెక్కలో కలిపావో లేదో వ్యాసంలోనే చెప్పెయ్. ఎన్నికల సంఘం ఫలితాలతో సరిచూసుకుని మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య