తుపాకీ సైట్ వంగినట్టు కనిపిస్తోందా? సైట్ సంగతి తర్వాత, ముందు కన్ను చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 58. పాతికేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. స్నేహితులతో కలిసి రాంచ్‌లో అడవి పందుల వేటకి, నవంబరు నుంచి జింకల సీజన్‌కి వెళ్తుంటాను. (టెక్సస్‌లో స్థల యజమాని ఒప్పుకుంటే పందులకు 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు.) నేను వాడేది రైఫిల్ కాదు, 44 మాగ్నమ్ రివాల్వర్. రెండు మూడేళ్లుగా ఫ్రంట్ సైట్ (గొట్టం చివర ఉండే గురి మొన) మసకగా ఉంటోంది. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరానికీ దగ్గరకీ ఒకే అద్దం) పెట్టుకుంటే తల వెనక్కి వాల్చాల్సి వస్తోంది. ఒక ఫ్రెండ్ రెడ్ డాట్ (చిన్న అద్దంలో ఎర్రచుక్క కనిపించే సైట్) ఇచ్చి చూడమంటే అందులో చుక్క కామాలా కనిపించింది. ఆర్నెల్లుగా కుడికంటితో గురిపెడితే ఫ్రంట్ సైట్ అంచు మధ్యలో కాస్త వంగినట్టు కూడా ఉంటోంది, అది సైట్ లోపమేమో. సుగర్ 9 ఏళ్లుగా ఉంది, మాత్రలు వాడుతున్నాను. కళ్లు ఎర్రబడితే ఇండియా నుంచి తెచ్చుకున్న చుక్కలు వేసుకుంటాను. ఫైబర్ ఆప్టిక్ (మెరిసే ముక్క ఉన్న ఫ్రంట్ సైట్), రెడ్ డాట్, స్కోప్ (దుర్బిణి సైట్), ఈ మూడింటిలో నాకు ఏది మంచిది? కంటి పరీక్ష సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చేయించుకుంటాను.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీరు అడిగింది సైట్ గురించి. నన్ను టెన్షన్ పెట్టింది మాత్రం మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి, ఆ అంచు వంగినట్టు కనిపించడం. మసకగా కనిపించడం వేరు, వంకరగా కనిపించడం వేరు. మసకకి చత్వారం, శుక్లం, పవర్ తేడా, ఏదైనా కారణం కావచ్చు, మీ వయసులో అది మామూలే. తిన్నగా ఉన్న గీత వంగిందని ఎవరైనా చెబితే మాత్రం మేం ముందు చూసేది రెటీనా నడిమధ్య భాగాన్ని, అంటే మాక్యులాని. తొమ్మిదేళ్లుగా సుగర్ ఉన్న మనిషికి అక్కడ నీరు చేరి వాపు వచ్చి ఉండొచ్చు, వయసుతో వచ్చే మార్పు కావచ్చు, మాక్యులా మీద సన్నటి పొర కట్టి ఉండొచ్చు, లేదా ఇవేవీ కాకపోవచ్చు. కన్ను చూడకుండా ఇంత దూరం నుంచి తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ సైట్ లోపం అనుకుని ఆర్నెల్లు ఊరుకున్నారు చూడండి, దానికి మాత్రం నాకు కోపమొచ్చింది.

నిజానికి మీ వేట మీకు మేలే చేసింది. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది, అందుకే చాలామందికి ఒక కంటిలో చూపు సగం పోయేదాకా తెలియదు. మీరు గురిపెట్టడానికి ఎడమకన్ను మూస్తారు కాబట్టి పట్టుబడింది. ఇప్పుడే ఒక పని చేయండి. చదివే కళ్లద్దాలు పెట్టుకుని, గళ్ల నోటుపుస్తకంలో ఒక పేజీ మధ్యన పెన్నుతో చుక్క పెట్టి, చదివే దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి ఆ చుక్కనే చూడండి. చుట్టూ గీతలు తిన్నగా ఉన్నాయా, ఎక్కడైనా అలలా వంగాయా, ఒక గడి మాయమైందా? తర్వాత రెండో కన్ను. కుడికంటికి మాత్రమే వంగితే తప్పు రివాల్వర్‌ది కాదని మీకే తెలుస్తుంది. వంగకపోయినా పరీక్ష మానొద్దు, ఈ ఇంటి పరీక్షకి అన్నీ దొరకవు.

ఇక సంక్రాంతి సంగతి. అమెరికా నుంచి వచ్చే పేషెంట్లు జనవరిలో నా దగ్గర క్యూ కడతారు, పళ్లు ఒక రోజు, కళ్లు ఒక రోజు, మధ్యలో పెళ్లి. అక్కడ ఖర్చు, అపాయింట్‌మెంట్ దొరకదు, ఇక్కడైతే తెలిసిన డాక్టరు, నాకు అర్థం కాక కాదు. కానీ కళ్లద్దాల పవర్ సంక్రాంతిదాకా ఆగుతుంది, మాక్యులా ఆగదు. సుగర్ వల్ల వచ్చిన వాపైతే కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, త్వరగా మొదలుపెడితే చూపు నిలబడే అవకాశం ఎక్కువ, ఆలస్యమైతే వాపు తగ్గినా చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. పోయిన జనవరిలో ఒకాయన వచ్చారు, మీలాగే 'ఊరొచ్చినప్పుడు చూద్దాం' అని ఎనిమిది నెలలు ఆగి, నా ఎదుట కూర్చుని కుడికన్ను మూసుకుని చార్టులో పై వరుస అక్షరం కోసం వెతుక్కున్నారు. ఆయన భార్య నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కాబట్టి ఈ వారంలోనే అక్కడ కంటి డాక్టరుకి ఫోన్ చేయండి. 'సుగర్ ఉంది, ఒక కంటికి తిన్నని గీతలు వంగి కనిపిస్తున్నాయి' అని ఈ మాటల్లోనే చెప్పండి, రిసెప్షన్‌లో వాళ్లకు అది వెంటనే ఎక్కుతుంది. కళ్లద్దాల షాపులో పవర్ చూడడం కాదు, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా చూడాలి, ఓసీటీ (రెటీనా పొరల్ని చూపించే) స్కాన్ తీయాలి. ఇది సాధారణంగా మీ మెడికల్ ఇన్సూరెన్స్ కిందికి వస్తుంది, విజన్ ప్లాన్ కిందికి కాదు, ఎందుకైనా మంచిది, ముందే కనుక్కోండి. టైప్ 2 సుగర్ ఉన్నవాళ్లు జబ్బు తెలిసిన ఏడాదే ఈ పరీక్ష చేయించుకుని, తర్వాత డాక్టరు వేరేగా చెబితే తప్ప ఏటా చేయించుకోవాలి. మీరు చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో రాయలేదు, రాయలేదంటే నేను అనుకునేది అనుకుంటాను. ఈలోగా ఒక్కసారిగా నల్లటి తెర దిగినట్టున్నా, మెరుపులు కనిపించినా, గుంపుగా నల్లచుక్కలు తేలినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇండియా నుంచి తెచ్చుకున్న చుక్కలు ఏవో పేరు రాయలేదు. మెడికల్ షాపులో 'ఎరుపుకి' అని అడిగితే ఇచ్చేవాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది నెలల తరబడి వేస్తే కంటిలో ప్రెషర్ పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం తొందరగా రావచ్చు. ఆ సీసా డాక్టరుకి చూపించండి, అప్పటిదాకా వేయొద్దు.

సరే, సైట్లు. నేను తుపాకీ పట్టలేదు, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట దాదాపు లేనట్టే, కాబట్టి ఏ కంపెనీది కొనాలో నన్ను అడగొద్దు. కానీ ఫైరింగ్ ప్రాక్టీస్‌కి ముందు 'ముందు మొన కనబడట్లేదు సార్' అంటూ వచ్చే పోలీసుల్ని ఏటా చూస్తుంటాను. కంటి లెక్క ఇద్దరికీ ఒక్కటే. చెయ్యి చాచి పట్టుకున్న రివాల్వర్‌కి ఫ్రంట్ సైట్ కంటి నుంచి సుమారు 65, 70 సెంటీమీటర్లలో ఉంటుంది. వెనక సైట్ దానికన్నా దగ్గర, జంతువు ఎక్కడో దూరం. ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా ఏ వయసులోనూ కనబడవు, చిన్నప్పుడైతే కంటి లెన్స్ చకచకా మారి సర్దుకుపోతుంది, 58కి ఆ సర్దుబాటు దాదాపు అయిపోతుంది. ప్రోగ్రెసివ్ అద్దంలో ఆ దూరానికి సరిపోయే పట్టీ మధ్యలో సన్నగా ఉంటుంది, గురిపెట్టేటప్పుడు మీరు చూసేది పై భాగం గుండా, అందుకే మెడ వెనక్కి వాల్చాల్సి వస్తోంది. ఖాళీ తుపాకీతో (అందరికీ చూపించి, రెండుసార్లు చెక్ చేసి) మీ కంటి నుంచి ఫ్రంట్ సైట్‌కి ఎంత దూరమో ఇంట్లో వాళ్ల చేత టేపుతో కొలిపించి ఆ అంకె డాక్టరుకి ఇవ్వండి. దూరపు పవర్ మీద సుమారు ముప్పావు నుంచి ఒక పాయింట్ కలిపి గురిపెట్టే కంటికి విడిగా కళ్లద్దాలు చేయిస్తే చాలామందికి ఫ్రంట్ సైట్ తేలుతుంది, జంతువు కాస్త మెత్తబడుతుంది. పాలీకార్బొనేట్ అద్దాలే తీసుకోండి. నా అంకె చూసి షాపులో రెడీమేడ్‌వి కొనేయకండి. సుగర్ పైకీ కిందికీ ఊగుతున్నప్పుడు పవర్ కూడా ఊగుతుంది, అద్దాల పవర్ మాత్రం సుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే చూపించుకోండి, రెటీనా పరీక్ష దానికోసం ఆపొద్దు.

ఫైబర్ ఆప్టిక్ ముక్క మసకలోనూ మెరిసి కనబడుతుంది కానీ ఫోకస్ సమస్యని తీర్చదు. చత్వారానికి సూత్రప్రకారం రెడ్ డాటే సుఖం, ఎందుకంటే చుక్క దూరంలో ఉన్నట్టే కనిపిస్తుంది, మీ దూరపు అద్దాలు చాలు. మీకది కామాలా కనిపించడం ఎక్కువగా ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం) వల్ల. ఖాళీ తుపాకీ మీదే ఆ చుక్కని సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి, ఫొటోలో గుండ్రంగా ఉంటే తేడా కంటిది. వెలుగు తగ్గించి, దాన్ని సరిచేసే సిలిండర్ పవర్ ఉన్న అద్దాలతో మళ్లీ చూడండి. స్కోప్ పెట్టాలంటే హ్యాండ్‌గన్ కోసం చేసిందే, కన్ను దూరంగా ఉంచి చూసేదే పెట్టాలి, రైఫిల్ స్కోప్ పెట్టి కంటికి దగ్గరగా లాక్కుంటే రికాయిల్‌కి (పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకి) కనుబొమ మీద కుట్లు పడతాయి. పైగా స్కోప్ జంతువునీ పెద్దది చేస్తుంది, మీ చెయ్యి వణుకునీ పెద్దది చేస్తుంది. మాక్యులా వంకర మాత్రం ఏ సైట్‌తోనూ పోదు.

పాప చిన్నది చేసి దగ్గర చూపు తెచ్చే పైలోకార్పిన్ చుక్కలకి అమెరికాలో 2021లో అనుమతి ఇచ్చారు, వాటి గురించీ ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. రెటీనా చూపించుకోకుండా వాటి జోలికి పోవద్దు, అరుదుగా రెటీనా చిరిగిన సందర్భాలు ఉన్నాయి. పాప చిన్నదైతే మసక వెలుతురులో ఇంకా చీకటిగా ఉంటుంది, టెక్సస్‌లో జింకల వేటకి సూర్యోదయానికి అరగంట ముందు, సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కదా టైము, మీకు బాగా కావాల్సింది ఆ వెలుతురే.

పరీక్ష అయ్యేదాకా తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేయండి. పొద కదిలింది పందో, పంది వెనక వచ్చిన మీ స్నేహితుడో ఆ కుడికంటితో నమ్మకంగా చెప్పగలరా? పందులకి లైసెన్సు అక్కర్లేదన్నారు, బాగుంది, అవి వచ్చే నెలా అక్కడే ఉంటాయి. ఓసీటీ రిపోర్టు వచ్చాక, చుక్కల సీసా పేరుతో పాటు మూడు నెలల సగటు సుగర్ అంకె కూడా రాసి పంపండి.