మాస్టారికో ఉత్తరం: పక్షుల ఊళ్లో మా ప్రాజెక్టు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు. డిగ్రీ మొదటి సంవత్సరం అయిపోయింది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద 180 గంటలు ఏదైనా ఊళ్లో పనిచేయాలి. మేం నలుగురు అమ్మాయిలం ఉప్పలపాడు ఎంచుకున్నాం. పక్షులను చూడటానికి వచ్చేవాళ్లు పెరిగితే ఊరికి ఆదాయం వస్తుందని మా ఆలోచన. సర్వే చేసి రిపోర్టు ఇచ్చేస్తే చాలంటున్నారు సీనియర్లు. మాకేమో ఊరికి పనికొచ్చేది చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, మీకా కోరిక ఉన్నందుకు నాకు చాలా సంతోషం. ఆదాయం సంగతి తర్వాత. ముందు పక్షులుండే చెరువు చుట్టూ ఇళ్లున్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. చెట్ల నిండా గూళ్లు మనకు ముచ్చట. రెట్టల కంపు భరించేది మాత్రం వాళ్లు. ఊరి పక్కనే పక్షులు నిశ్చింతగా పిల్లల్ని పెంచుతున్నాయంటే ఆ ఓర్పు వల్లే. జనం పెరిగితే హారన్లు, చిప్స్ కవర్లు కూడా పెరుగుతాయి. దానికి వాళ్లేమంటారు? మీ సర్వేలో మొదటి ప్రశ్న అదే కావాలి.

ఇంకో సంగతి. మీ సెలవులు ఎండాకాలంలో, వలస పక్షుల సందడి చలికాలంలో. జనం వచ్చేనాటికి మీరు క్లాసుల్లో ఉంటారు. అందుకని మీరే గైడ్లు కావాలనుకోవద్దు. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లల్ని నలుగురైదుగురిని కూడగట్టండి. గూడబాతుకు ముక్కు కింద ఆ సంచి ఎందుకు, ఎర్రకాళ్ల కొంగకు తోక దగ్గర ఆ గులాబీ ఈకలేమిటి, గూళ్లకు ఎంత దూరంలో ఆగాలి, ఇవన్నీ వాళ్ల నోటితో చెప్పించండి. ఊళ్లో పెద్దవాళ్లకు ఈ పక్షుల గురించి మీకంటే ఎక్కువ తెలుసు. ఆ కబుర్లు పిల్లల చేతే రాయించండి. కొత్తవాళ్ల ముందు బెదురు పోయేదాకా మళ్లీ మళ్లీ మాట్లాడించండి. సగం గంటలు దీనికే పోయినా నాకైతే పర్వాలేదనిపిస్తుంది.

అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయం 1994 నుంచి యువతను పల్లె ప్రాంతాలకు సేవకు పంపుతోంది. ఒక్కొక్కరూ దాదాపు 11 నెలలు అక్కడే ఉండి పనిచేస్తారు. మీకంత గడువు లేదు. అందుకే పది పనులు నెత్తిన వేసుకోకండి.

టీ, మజ్జిగ అమ్మకం డ్వాక్రా మహిళలు చూసుకుంటారు, వాళ్లకు ధరలు నేర్పనక్కర్లేదు. పంచాయతీ కార్యదర్శిని మాత్రం తప్పక కలవండి. బండ్లు ఎక్కడ ఆపాలి, మరుగుదొడ్డి ఎవరు శుభ్రం చేస్తారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి తేల్చుకోండి. పిల్లలతో వచ్చే ఆడవాళ్లు ముందు అడిగేది మరుగుదొడ్డి గురించే.

ప్రశ్న: మా ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఏడు రోజుల క్యాంపు కొండపల్లిలో పెట్టి ఖిల్లా శుభ్రం చేయాలనుకుంటోంది. మంచిదేనా? – ఓ విద్యార్థి, విజయవాడ

జవాబు: మంచిదే బాబూ. పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి. చెత్త ఏరండి, గోడల్లో మొలిచిన మొక్కలు మాత్రం పీకకండి. వేరుతో పాటు రాయి కదులుతుంది. రెండు రోజులైనా బొమ్మల కళాకారుల కోసం ఉంచండి. వాళ్లకు కావలసిన తెల్ల పొనికి కర్ర దొరకడం కష్టమవుతోంది. పొనికి మొక్కలు ఎక్కడ నాటాలో, నీళ్లెవరు పోస్తారో వాళ్లతో, అటవీ శాఖతో కూర్చుని మాట్లాడండి. వానలు మొదలయ్యాక క్యాంపు పెట్టుకుంటే మొక్కలు బతుకుతాయి.